జిమ్మీ గిన్నె, మా ఇంటి కుండ

నేను రిటైరయ్యానంటే మా వీధిలో నవ్వుతారు. రిటైరవడానికి తల నెరవాలట, పింఛను రావాలట. నాకు ఆ రెండూ లేవు. చంకలో పది నెలల పాప ఉంది. పాప పుట్టాక నేను చేస్తున్న పని మానేశాను. మళ్ళీ ఆ పనికి వెళ్ళే వీలు లేదని ఇంట్లోవాళ్ళు తేల్చేశారు, నేనూ ఒప్పుకున్నాను. పని ముగిసిపోయింది కాబట్టి దాని గురించి చెప్పే హక్కు నాకు వచ్చిందనే అనుకుంటున్నాను. ఎవరైనా కాదంటే కాదననివ్వండి.

తిరువూరులో ఒక పశువైద్యుడి దగ్గర ఐదేళ్ళు సహాయకురాలిగా చేశాను. నా స్థానంలో ఇప్పుడు కొత్తమ్మాయి చేరింది. ఇది ఆమె కోసం, ఆమె తర్వాత రాబోయేవాళ్ళ కోసం. సూది ఎలా మరిగించాలో, మందుల బీరువా ఎలా సర్దాలో డాక్టరుగారు నేర్పుతారు. నేను కుక్క తాగే నీళ్ళ గురించి చెబుతాను. బి.ఎస్సీ. చదివి కుక్క నీళ్ళ గురించి రాయడమేమిటని అడిగేవాళ్ళు ఇక్కడితో ఆపేసి వేరే పని చూసుకోవచ్చు.

ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో జిమ్మీ అనే కుక్క ఉంది. పాప పాకడం మొదలుపెట్టినప్పటినుంచి మా అత్తయ్య ఒకటే పట్టు పట్టారు, కుక్క ఇంట్లోంచి పోవాలని. రెడ్డిగూడెం దగ్గర మామిడితోట కౌలుకు చేస్తున్న మా బావగారు, అంటే మావారి అన్నగారు, దాన్ని కాపలాకు తీసుకుపోతానన్నారు. తోటల్లో కుక్కలు ఎలా బతుకుతాయో నా ఉద్యోగంలో చూశాను. మందు కలిపిన తొట్టిలో మిగిలిన నీళ్ళు తాగి, మందు కొట్టిన చెట్ల కింద పడుకుంటాయి. జిమ్మీ అక్కడ ఒక్క కాపు దాటదు. మరోపక్క పాపకు ఏమవుతుందోనన్న భయం అందరికంటే నాకే ఎక్కువ. పాప దగ్గితే నిద్ర పట్టని మనిషిని నేను. ఈ గొడవ తేలేదాకా చెబుతాను. నా ఉద్యోగం నాకేం నేర్పిందో అప్పుడే నాకూ తెలిసింది.

కుక్కల నర్సు

మా నాన్న చర్చి బళ్ళో మాస్టారు. నన్ను బెజవాడలో కాలేజీకి పంపి జంతుశాస్త్రం చదివించారు. టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, సర్కారు నౌకరీ నుంచి దిగిపోయి సొంతంగా వైద్యం చేస్తున్న ఈ డాక్టరుగారికి సూక్ష్మదర్శినిలో చూడగలిగిన మనిషి కావాలని తెలిసింది. వెళ్ళాను. ఆయన నా సర్టిఫికెట్లు తెరవలేదు.

"అమ్మాయ్, పేడ చూస్తే వాంతి చేసుకుంటావా?"

"చేసుకుంటే నేనే కడుక్కుంటానండి."

"రేపట్నుంచి రా."

ఆయన చెయ్యి మంచిది, నోరు చెడ్డది. ఈ సంగతి దాచాల్సిన అవసరం నాకిప్పుడు లేదు. బండివాడి మీద గయ్యిమనేవారు, పెద్ద రైతు వస్తే గొంతు దించేవారు. అందుకు ఆయనమీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ పశువు ముందు నిలబడితే ఆయనకు ఎవరి పశువన్నది గుర్తుండేది కాదు. కొత్తమ్మాయీ, ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది అదొక్కటే. మిగతాది వదిలెయ్.

ఊళ్ళో నాకు 'కుక్కల నర్సు' అని పేరు పెట్టారు. బస్టాండు దగ్గర ఒకాయన రోజూ కాచుకుని ఉండేవాడు. "నర్సమ్మా, మా కుక్కకి జలుబు చేసింది, కాస్త చెయ్యి పట్టుకు చూస్తావా?" అన్నాడొకనాడు.

"తీసుకురండి. మీరు కూడా రండి. ఇద్దర్నీ చూస్తాను, రెండో గొలుసు నేనే తెప్పిస్తాను" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన మళ్ళీ కాచుకోలేదు. నీకూ ఏదో ఒక పేరు పెడతారు. దానికి ఏడవకు, జవాబు సిద్ధం చేసుకో.

పోయడం కాదు, పారబోయడం

వాంతులు, విరేచనాలతో కుక్కను తెస్తే డాక్టరుగారు ముందు అడిగేది ఏం తిన్నదని కాదు. "దేంట్లో తాగుతుంది?" అనేవారు. వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు. కుడితి తొట్టి అనేవారు, పగిలిన కుండ పెంకు అనేవారు, బావి పక్క గుంట అనేవారు. "మా కుక్కకి విడిగా గిన్నె ఉందండి" అని గొప్పగా చెప్పేవాళ్ళూ ఉండేవారు. నన్నడిగితే ఆ ఇళ్ళే మరీ ప్రమాదం.

ఎందుకంటే కుక్క గిన్నెను మన ఇళ్ళలో ఎవరూ ముట్టుకోరు. అది అంట్లలో కలవదు, బావి గట్టుకు రాదు. ఎత్తునుంచి చెంబుతో నీళ్ళు పోస్తారు, చెంబు తగలకుండా. నిన్నటి నీళ్ళమీద ఇవాళ్టివి, వాటిమీద రేపటివి. గిన్నె నిండుగా కనిపిస్తుంది, ఇంటివాళ్ళకు తృప్తిగా ఉంటుంది. లోపల వేలు పెట్టి గోడకు రాసి చూస్తే జారుతుంది. ఆ జిగురే జబ్బు. నీళ్ళు తేటగా ఉన్నాయా లేదా అని కంటితో చూసి మోసపోకు, వేలు పెట్టు. వేలు పెట్టడానికి సిగ్గుపడేవాళ్ళకు ఈ ఉద్యోగం వద్దు.

నేను చెప్పేది పెద్ద విద్యేమీ కాదు. బరువైన వెడల్పాటి గిన్నె, స్టీలుదైతే మేలు. పొద్దునా సాయంత్రం ఉన్నవి పారబోసి, బూడిదా పీచూ పెట్టి తోమి, ఎండలో బోర్లించాలి. రెండు గిన్నెలుంటే ఒకటి ఎండుతుండగా ఇంకొకటి వాడుకోవచ్చు. మనం తాగే నీళ్ళే పోయాలి. వానలకు బావి ఎర్రబడితే మనకు కాచినట్టే దానికీ కాచి చల్లార్చాలి. చూరు కింద పెట్టవద్దు, పైనుంచి బల్లిరెట్టలు పడతాయి. ధాన్యం దగ్గర అసలే వద్దు.

ధాన్యం మాట ఎందుకన్నానంటే, ఒక మిల్లులో కట్టేసిన కుక్కను తెచ్చారు. కళ్ళు, చిగుళ్ళు పసుపు పూసినట్టున్నాయి. దాని గిన్నె బస్తాల సందులో ఉండేది. రాత్రంతా ఎలుకలు ఆ గిన్నె మీదుగానే తిరిగేవి. ఎలుక ఉచ్చ పడిన నీళ్ళతో కుక్కకు కామెర్లొస్తాయని, అదే జబ్బు మనుషులకూ రావచ్చని డాక్టరుగారు చెబితే, "ఎలుకలకి మేమేం చెయ్యమండీ?" అన్నాడు మిల్లు గుమాస్తా. "ఎలుకల్నేం చెయ్యొద్దు. గిన్నె జరపండి" అన్నారాయన. అప్పటికే ఆలస్యమైంది. ఆ కుక్క బతకలేదు. ఒక్క గిన్నెను ఒక్క గది అవతలికి జరిపితే సరిపోయేది.

అతిశుభ్రంతో పాడుచేసినవాళ్ళూ ఉన్నారు. ఒక టీచరుగారి భార్య కుక్క గిన్నెను ఫినాయిలుతో కడిగేది. "హాస్పిటల్లో కూడా అదే వాడతారుగా అమ్మా" అంది. "వాళ్ళు నేలకు వాడతారండీ, మంచినీళ్ళ గ్లాసుకు కాదు" అన్నాను. పాపం, ఆవిడకు కోపమొచ్చింది. కుక్కకు మాత్రం వాంతులు తగ్గాయి.

గంపలగూడెం డబ్బా

జిమ్మీ మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి.

పత్తికి మందులు కొట్టే రోజులు. గంపలగూడెం వైపు ఒక పెద్ద రైతు, కోటయ్యగారని, ఆయన పాలేరు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఇంటి కుక్కకు పిచ్చెక్కిందని, చంపేలోపు డాక్టరుగారు ఒక్కసారి చూడాలని కోటయ్యగారి కూతురు ఏడుస్తోందని చెప్పాడు. డాక్టరుగారు విస్సన్నపేటలో గేదె ఈత దగ్గర ఉన్నారు. ఒంటరిగా కేసుకు వెళ్ళకూడదని నాకు ఆయన పెట్టిన నియమం. అయినా ఆయన కోసం చీటీ పెట్టి బస్సెక్కాను.

కుక్కను పశువుల కొట్టంలో పెట్టి తలుపేశారు. బయట నలుగురైదుగురు కర్రలతో ఉన్నారు. కోటయ్యగారు అరుగుమీదనుంచే, "డాక్టరేడి? నువ్వా వచ్చింది?" అన్నారు.

"ఆయన వస్తున్నారండి. ఈలోగా చూస్తాను."

"చూసేదేముందమ్మా! నోట్లోంచి చొంగ, కాళ్ళు కొట్టుకోటం. నిన్నట్నుంచి నీళ్ళు ముట్టట్లేదు. గిన్నె దగ్గరికి తోస్తే గిన్నెను చూసి ఎనక్కి పోతంది. నీళ్ళంటే భయమంటే పిచ్చిగాక ఇంకేంటి?"

"ఎవర్నైనా కరిచిందా?"

"కరిచేదాకా ఆగమంటావా?" అన్నాడు కర్ర పట్టుకున్న ఒకతను.

తలుపు సందులోంచి చూశాను. గోధుమరంగు కుక్క, పక్కకు పడి వణుకుతోంది. కాసేపటికి వణుకు ఆగింది, లేచి తూలుతూ నిలబడింది. దానికి అందేంత దూరంలో నీళ్ళున్నాయి. అవి ఒక రేకు డబ్బాలో ఉన్నాయి. పైమూత కోసేసిన డబ్బా. దానిమీద కాగితం చింపేశారు గాని ఎర్రటి పుర్రె బొమ్మ సగం మిగిలి ఉంది.

"ఇది ఎండ్రిన్ డబ్బా కదండీ? పత్తికి కొట్టే పురుగుమందుది."

"పాత కుండ పగిలిపోతే పెట్టారు. కడిగే పెట్టారమ్మా, రెండుసార్లు."

"ఇంట్లో గిన్నె ఏదీ లేదా?"

కోటయ్యగారు నన్ను వింతగా చూశారు. "ఇంట్లో గిన్నె కుక్కకి పెడతామా? మనుషులెవరూ వాడేది కాదు గనకే ఆ డబ్బా పెట్టాం. కుక్కకి గాకపోతే ఇంకెవరికి పనికొస్తదది?"

ఒకటి రాయకుండా ఉండలేను. నాకు దాహమేస్తే ఆ ఇంట్లో దోసిట్లోకి పోశారు. పై ఎత్తునుంచి, చెంబు తగలకుండా. చదువుకున్న పిల్లనని తెలుసు, వాళ్ళ కుక్క కోసం బస్సెక్కి వచ్చానని తెలుసు. అయినా గ్లాసు ఇవ్వలేదు. ఆ కుక్క ఆ డబ్బాను చూసి ఎందుకు వెనక్కి పోతోందో నాకు అప్పుడు బాగానే అర్థమైంది. నేను దోసిట్లోవి తాగలేదు, అక్కడే పారబోశాను.

నా టిఫిన్ డబ్బా మూత తీసి, కోటయ్యగారి కూతురు బావిలో చేది ఇస్తే ఆ మూతనిండా నీళ్ళు పట్టి, వెదురుకర్రతో తలుపు కిందినుంచి లోపలికి తోశాను. కుక్క వాసన చూసింది. తాగింది. మూతను గీకి గీకి తాగింది.

"తాగింది! నాన్నా, తాగింది!" కోటయ్యగారి కూతురు గెంతులేసింది.

"చూశారా, నీళ్ళంటే భయం లేదు. పిచ్చి కాదు. ఆ డబ్బా వాసనకు భయం" అన్నాను, అందరికీ వినపడేలా. కర్రలు దిగాయి. నేను తలుపుకు అడ్డంగా కూర్చున్నాను. డాక్టరుగారు వచ్చేదాకా లేవలేదు.

ఆయన వచ్చి, మెడకు ఉచ్చు వేయించి, మూతి కట్టి, మత్తు సూది ఇచ్చారు. డబ్బాను వాసన చూసి పాతిపెట్టించారు. కోటయ్యగారితో మెత్తగానే మాట్లాడారు. బస్సులో మాత్రం నామీద విరుచుకుపడ్డారు.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ నువ్వు చెప్పిన కారణం తప్పు. పిచ్చికుక్క కూడా నీళ్ళు తాగుతుంది, తెలుసా? తాగింది కదాని రేపు ఇంకో ఊళ్ళో ఇంకో కుక్క దగ్గరికి ఎవడన్నా వెళ్ళి కరిపించుకుంటే, బొడ్డుచుట్టూ సూదులు నువ్వు పొడిపించుకుంటావా?"

"మరి చంపనివ్వమంటారా?"

"కట్టేసి, దూరంనుంచి పది రోజులు చూడమంటాను. తెలియనప్పుడు తెలియదని చెప్పడం నేర్చుకో."

ఆయన చెప్పింది సరైనదే. కొత్తమ్మాయీ, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. నీళ్ళు తాగడం రుజువు కాదు. అయితే నేను తలుపుకు అడ్డంగా కూర్చోకపోతే చూడటానికి ఆ పది రోజులూ ఉండేవి కావు. ఈ మాట కూడా ఆయనతో అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

కుక్కను మా దగ్గరే ఇనప ఊచల గదిలో ఉంచాం. వణుకు తగ్గింది, తిండి తిన్నది, గడువు దాటింది. కబురు పంపితే కోటయ్యగారు వద్దన్నారు. పిచ్చిదని పేరుపడ్డ కుక్క ఇంటికి రాకూడదట. దాన్ని నేను తెచ్చుకున్నాను. జిమ్మీ అని పేరు పెట్టాను. పెళ్ళయ్యాక అత్తవారింటికి నాతోపాటే వచ్చింది. మావారు లెక్కల మాస్టారు, మెతక మనిషి. "కట్నం బదులా?" అని నవ్వి ఊరుకున్నారు.

ఇంటి కుండ

ఇప్పుడు మొదట చెప్పిన గొడవకు వస్తాను.

పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. ఏడుపు కూడా సన్నబడిపోయింది. ఊళ్ళో డాక్టరు మందిచ్చి, ఉప్పూ పంచదారా కలిపిన కాచిన నీళ్ళు చెంచాతో పడుతూనే ఉండమన్నారు. 

"చెప్పానా? చెప్పానా?" అన్నారు అత్తయ్య. "కుక్క తిరిగిన నేలమీద పాకుద్ది, అదే చెయ్యి నోట్లో పెట్టుకుద్ది. పసిబిడ్డకంటే నీకు ఆ కుక్కే ఎక్కువైపోయిందా?"

 తల్లిని కదా. "బావగారికి కబురు చెయ్యండి" అని నేనే అన్నాను. జిమ్మీని చూడలేక వంటింట్లోకి వెళ్ళాను.

అక్కడ కూర్చుని, ఎవరో పరాయివాళ్ళ బిడ్డ జబ్బుపడి ఉంటే నేనేం అడిగేదాన్నో అది అడిగాను. దేంట్లో తాగుతుంది?

జిమ్మీ గిన్నె నాకు తెలుసు. పొద్దున తోమినదాన్ని నేనే. పాపకు నేను కాచిన నీళ్ళే పడతాను. మరి నేను బట్టలు ఉతుక్కుంటున్నప్పుడు?

"అత్తయ్యా, నేను లేనప్పుడు పాపకు నీళ్ళు పట్టారా?"

ఆవిడ తడుముకున్నారు. "కాచిన నీళ్ళు చప్పగా ఉంటయ్యే, పిల్ల ఊసేస్తంది. కుండలోవి నాలుగు చెంచాలు పోశాను. అవి మంచినీళ్ళేగా!"

మా మంచినీళ్ళ కుండకు ఇంట్లో ఎంతో మర్యాద. దాన్ని పీటమీద పెడతాం. చెప్పుల కాలితో ఆ గదిలోకి ఎవరూ వెళ్ళరు. పూర్తిగా ఎప్పుడూ ఖాళీ చేయరు. కుండ అడుగు కనబడితే ఇంటికి మంచిది కాదని అత్తయ్యకు వాళ్ళమ్మ చెప్పిందట. అందుకని సగమవగానే పైనుంచి బిందె కుమ్మరిస్తారు. నేను కాపురానికి వచ్చినప్పటినుంచి ఆ కుండ బోర్లించడం చూడలేదు. ఆ సంగతి రోజూ చూస్తూనే ఉన్నాను, ఎందుకో తట్టలేదు.

మోచేతిదాకా చెయ్యి కడుక్కుని కుండలో పెట్టాను.

"అయ్యో అయ్యో! మంచినీళ్ళ కుండలో చెయ్యి పెట్టావేంటే!"

లోపలి గోడ జారింది. అడుగున వేళ్ళకు మెత్తటి బురద తగిలింది. బయటికి తీసి అత్తయ్యకు చూపించాను. ఆవిడ చూడనన్నారు.

నాకంటే ముందే అత్తయ్య కబురు పంపినట్టుంది, అదే సమయానికి బావగారు దిగారు. భుజాన తువ్వాలు, చేతిలో తాడు. అరుగుమీద కూలబడి, "ఎండ చంపేస్తందమ్మా. ముందు కాసిని మంచినీళ్ళు ఇయ్యి, తర్వాత కుక్కని కడదాం" అన్నారు.

రెండు గాజుగ్లాసులు తీశాను. ఒకదాంట్లోకి మా కుండ అడుగునుంచి ముంచాను. ఇంకొకదాంట్లోకి, పొద్దున తోమి ఎండబెట్టి, అప్పుడే బిందెలోంచి నింపి జిమ్మీ ఇంకా మూతి పెట్టని గిన్నెలోంచి వంచాను. రెండూ తెచ్చి ఆయన ముందు పెట్టాను. వెలుతురులో ఒకటి అద్దంలా ఉంది. రెండోదాంట్లో ఏవో నలకలు పైకీ కిందికీ ఈదుతున్నాయి.

"ఏంటమ్మా, పరీక్షా?"

"రెండూ మన ఇంట్లోవేనండి. మీకు నచ్చింది తాగండి."

ఆయన తేటగా ఉన్నది ఎత్తారు.

"అది జిమ్మీ గిన్నెలోది బావగారూ."

చెయ్యి కాలినట్టు కింద పెట్టేశారు. "ఛీ, ఇదేం వేళాకోళమమ్మా! మరి ఇది?"

"అది మనందరం తాగేది. మీ తమ్ముడూ, అత్తయ్యా, నేనూ. పాప కూడా."

ఆయనకు ఒళ్ళు మండినట్టుంది. నామీద పంతానికి ఆ గ్లాసు ఎత్తి నోటిదాకా తీసుకెళ్ళారు.

"ఒరే, తాగమాక!" అని గుమ్మంలోంచి అత్తయ్య అరిచారు.

 అత్తయ్య ఆ గ్లాసు లాక్కుని వెలుతురులో పట్టి చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి, కుండను తనే ఈడ్చుకుంటూ పెరట్లోకి తెచ్చి వంచేశారు. చివర్లో నల్లటి మడ్డి జారింది. ఆవిడ మొహం నేను చూడలేదు, చూడాలనిపించలేదు.

పాపకు ఆ నీళ్ళవల్లే వచ్చిందని నేను ఒట్టుపెట్టి చెప్పలేను. రుజువు లేదు, తెలియనిది తెలియదనే చెబుతాను. కుక్కవల్ల వచ్చిందనడానికి మాత్రం ఎవరి దగ్గర రుజువుంది?

"మరి కుక్క సంగతి?" అన్నారు బావగారు, తాడు చూసుకుంటూ.

"అది తర్వాత చూద్దాంలేరా" అన్నారు అత్తయ్య.

"తర్వాత లేదండి. జిమ్మీ ఇక్కడే ఉంటుంది" అన్నాను. "పాప పాకే వసారాకు తడిక కడతాను. దాని గిన్నె తోమినట్టే మన కుండా రోజూ తోముతాను. రెంటికీ ఒకే నీళ్ళు కాస్తాను. ఎవరన్నా నవ్వితే నవ్వనివ్వండి."

పొయ్యి రాజేసి పెద్ద తపేలా ఎక్కించాను. నీళ్ళు మరిగి చల్లారేదాకా బావగారు ఒళ్ళో తాడు పెట్టుకుని, దాహంతో, అరుగుమీదే కూర్చున్నారు. చల్లారాక మొదట పాపకు చెంచాతో పట్టాను, తర్వాత ఆయనకు గ్లాసు ఇచ్చాను, తర్వాత జిమ్మీ గిన్నె నింపాను. మూడూ ఆ తపేలాలోంచే, అందరూ చూస్తుండగా పోశాను. బావగారు గ్లాసు ఖాళీ చేసి, తాడు చుట్టుకుని లేచారు.